దీపానికి పసుపు

మేము పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరేనాటికి ఆ దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ అందరూ మొదటిసారి కలిసి ఓటేసి ఏడాది దాటింది. యూనివర్సిటీ వరండా గోడల మీద పాత పెద్దల పటాలు తీసేశారు. వాటి చోట ఏం పెట్టాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. పటం ఉన్నంత మేర రంగు కొత్తగా, చుట్టూతా మాసిపోయి, వరసగా ఖాళీ చదరాలు. మా ఆవిడను ఆ వరండాలోంచే ఆమె లాబ్ గదికి తీసుకెళ్ళారు. కిటికీ లేని గది. ఇంతకంటే మంచిది లేదని డిపార్ట్‌మెంట్ హెడ్ నొచ్చుకుంటూ చెప్పాడు. ఆమెకు కావలసింది అదే.

ఆమెది శరీరధర్మశాస్త్రం. విశాఖపట్నంలో కాలేజీ ఉద్యోగానికి సెలవు అడిగితే ఇవ్వలేదు. రాజీనామా ఇచ్చి బయల్దేరింది. నాది ఒక తెలుగు దినపత్రికలో డెస్కు ఉద్యోగం. నేనూ మానేశాను. పిల్లలు లేరు కనుక అడిగేవాళ్ళు లేరు. అక్కడ ఆమెకిచ్చింది రెండేళ్ళ కాంట్రాక్టు. గడువు ముగియడానికి చాలా ముందే ఒక కమిటీ వస్తుంది, పని నడుస్తున్నట్టు కళ్ళముందు చూపిస్తే పొడిగిస్తారు, లేకపోతే తిరుగు టిక్కెట్టు ఇస్తారు. తిరిగి వెళ్తే ఆమె వయసుకు, వదులుకొచ్చిన ఉద్యోగానికి, మళ్ళీ లాబ్‌లో అడుగుపెట్టడం అనేది ఉండదు. ఆ మాట మేము ఒక్కసారే అనుకున్నాం, విమానంలో. తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. డెస్కు మీద చాలాకాలం పనిచేసినవాడికి ఒక అలవాటు పడుతుంది. బస్సు లోయలో పడ్డా, పడవ తిరగబడ్డా, జిల్లా విలేఖరి ఫోనులో చెబుతుంటే మనం అడిగేది ఒక్కటే, ఎంతమంది? ఎంతమంది పోతే పేజీలో ఎన్ని కాలాల వార్తన్నది బుర్రకు కాదు, వేళ్ళకు తెలుసు. పత్రికలో ఉన్నన్నాళ్ళూ దాన్ని పనితనం అనుకున్నాను. పత్రిక మానేశాక అది కూడా మానుతుందనుకున్నాను. మానలేదు. ఆ ఊళ్ళో పొద్దున్నే ఇంగ్లీషు పేపరు కొనేవాణ్ణి. చుట్టుపక్కల లోయల్లో పార్టీల గొడవలు ఇంకా ఆరలేదు. ఇళ్ళు తగలబెట్టారని, మినీబస్సు మీద కాల్పులు జరిగాయని ఉండేది. చదివి, హెడ్డింగులో ఒక మాట ఎక్కువైంది అనుకుని, పేజీ తిప్పేవాణ్ణి. మా అమ్మ పోయినప్పుడూ అంతే. ఇంటికి ఫోను వస్తే, ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు అని వరసగా అడిగానట. మా ఆవిడ ఆ మాట నన్ను దెప్పడానికి అనలేదు. మామూలుగా చెప్పింది.

నార్త్‌డేల్‌లో, మనవాళ్ళుండే పేటలో, ఒక పెద్దామె ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకు దిగాం. ఆమె నాయనమ్మ విశాఖ వైపు ఏదో పల్లె నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చిందట. ఈమె డార్నల్ మిల్లు దగ్గర పుట్టి, పెళ్ళయి ఈ ఊరు వచ్చి, చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కుట్టి పెన్షను తీసుకుంది. మనవలు అవ్వా అంటారు. మేమూ అవ్వా అన్నాం. ఆమె భాష ఇంగ్లీషే. వరసలు, తిండి, దేవుడు, తిట్లు మాత్రం తెలుగు. మేము వచ్చాక పంతం పట్టి మాతో అంతా తెలుగులోనే మాట్లాడేది. క్రియల దగ్గరికి వచ్చేసరికి సగంలో వదిలేసేది.

"నాయనా, పిల్ల పని పోయి. నువ్వు ఇంట్లో కూర్చుని. ఏం సంగతి ఇది, మ్యాన్?"

"నా పని అయిపోయిందవ్వా."

"ఐష్. ఇంత చిన్న ఏజ్‌కి పెన్షన్. నా మొగుడు అరవై దాకా బాయిలర్ తోసి."

ఆ మాట వీధిలో నలుగురికీ చేరింది. ఆ తర్వాత నేను దారిలో కనబడితే పెన్షనర్ అని పిలిచేవాళ్ళు. ఇంట్లో కూర్చోవడం కన్నా నయమని మధ్యాహ్నాలు లాబ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. మా ఆవిడకు రెండు చేతులూ చాలేవి కావు. జీతం లేని మూడో చెయ్యి నాది.

ఆమె చేస్తున్న పని నాకు అర్థమైనంత వరకు ఇది. మన ఒంట్లో ప్రతి కణానికీ పైపొర ఉంటుంది. ఆ పొరలో సన్నని తూములుంటాయి. తూము తెరుచుకుంటే ఉప్పులోని రేణువులు, వాటినే అయాన్లంటారు, లోపలికో బయటికో పారతాయి. ఆ పారుదలే కరెంటు. వేలు కాలితే తెలియడం, కండ బిగియడం, గుండె కొట్టుకోవడం అన్నీ ఆ తూములు తెరిచి మూయడంలోనే ఉన్నాయి. మామూలుగా వాటిని ఒంట్లో ఊరే రసాయనాలు తెరుస్తాయి. మా ఆవిడ వెలుగుతో తెరవాలని, వెలుగుతోనే మూయాలని చూస్తోంది.

దానికి ఒక పొడి ఉంది. ఆ పొడిలోని అణువు పొడుగాటిది. దాన్ని ఒక కొసన తూము అంచుకు అతికిస్తారు, తాళంచెవిని దారంతో తలుపుకే కట్టినట్టు. చీకట్లో అది నిటారుగా ఉంటుంది. రెండో కొస సరిగ్గా తాళంలో దిగి తూము తెరుచుకుంటుంది. ఊదా వెలుగు, కంటికి ఆనీ ఆననంత ఊదా, పడిందా, అది మోచెయ్యిలా మడత పడుతుంది. కొస తాళంలోంచి ఊడి వస్తుంది, తూము మూసుకుంటుంది. నీలం వెలుగు వేస్తే మళ్ళీ నిటారు, మళ్ళీ తెరుచుకుంటుంది.

"ఇది దేనికి?" అని అడిగాను మొదట్లోనే. పత్రికవాడు అడిగే ప్రశ్న.

"ఇప్పుడైతే దేనికీ కాదు. ఎప్పుడో, నొప్పి ఉన్న చోట ఒక్క నరాన్నే వెలుగుతో మూయొచ్చేమో. చూపు పోయిన కంట్లో మళ్ళీ వెలుగుకు పలికే కణాల్ని తయారు చెయ్యొచ్చేమో. మీ పేపర్లో వెయ్యడానికి చాలదు."

"సింగిల్ కాలం."

"అదీ వద్దు."

పని కప్ప గుడ్ల మీద. అక్కడి చెరువుల్లో దొరికే నీటికప్ప, ప్లాటానా అంటారు, దానికి నాలుక ఉండదు. వెనక కాళ్ళకి నల్లటి గోళ్ళుంటాయి. దాని గుడ్డు ఆవగింజంత. సగం గోధుమ నలుపు, సగం మీగడ రంగు. ఆ గుడ్డులో తూముల్ని పుట్టించి, పొడి అతికించి, సన్నటి గాజు సూదులు గుచ్చి, లోపల పారే కరెంటును ఒక పెన్ను చేత కాగితం మీద గీయిస్తుంది. తూములు తెరుచుకుంటే పెన్ను పైకి, మూసుకుంటే కిందికి. తెల్ల వెలుగులో నీలమూ ఉంటుంది కనుక గదిలో ఎర్ర బల్బు తప్ప ఇంకేదీ వెలగకూడదు. నేను దీపం ముందున్న మూత దగ్గర నిలబడేవాణ్ణి. ఆమె సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండా "ఊదా" అంటే ఒక మీట, "నీలం" అంటే ఇంకో మీట. మధ్యాహ్నమంతా మా మధ్య నడిచే మాటలు ఆ రెండే. నాకు బాగానే ఉండేది. ఏమీ తోచని మనిషికి రెండు మాటలు సరిపోతాయి.

మొదటి వేసవిలో పని నడిచింది. నేను ఊదా మీట నొక్కితే పెన్ను కిందికి దిగడం, నీలం నొక్కితే ఎక్కడం నా కళ్ళతో చూశాను. ఆమె కాగితం చించి మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు ఊదా దీపం పేలిపోయింది. టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు, ఆపైన మాడు వాసన. పొడి ఎక్కువ లేదు. హైదరాబాదులో ఆమె గురువుగారు స్వయంగా తయారు చేసి ఇచ్చిన చిన్న గోధుమరంగు సీసాడు. ఆయన తర్వాత పోయారు. ఆ పొడి చెయ్యడం తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారో ఆమెకు తెలియదు. సీసాకు వెండి కాగితం చుట్టి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి కొత్త దీపం కోసం కాచుకుంది.

కొత్త దీపం సముద్రం దాటి రావడానికి నెలలు పట్టింది. తీరా వచ్చేసరికి యూనివర్సిటీ గేట్లు మూసి ఉన్నాయి. ఫీజులు కట్టలేని పిల్లల్ని బయటికి పంపకూడదని విద్యార్థులు గేటు ముందు నిరసన పాటలు పాడుతూ కూర్చున్నారు. సామాను తెచ్చినతను పెట్టెను మా ఇంటి అడ్రసుకు తీసుకొచ్చాడు. సంతకం పెట్టింది అవ్వ.

మా ఆవిడ పెట్టె తెరిచి, దీపం ఉన్న ఇనుప డబ్బాను పైకి తీసి, పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని ముందు వరండాలో బల్ల మీద పెట్టి చూస్తోంది. అవ్వ వచ్చి పక్కన నిలబడింది.

"ఏం ఇది?"

"దీపమవ్వా. లాబ్‌కి."

"పాత దీపం ఏం చేసి?"

"పేలిపోయింది."

"దానికి పసుపు పెట్టి?"

"లేదవ్వా."

"అదే చూడు. ఉత్తది వాడి, పేలి. నా కొడుకు బక్కీ బండి తెచ్చి, నేను పసుపు పెట్టి, బొట్టు పెట్టి, టైర్ కింద నిమ్మకాయ పెట్టి. ఇప్పటి దాకా ఒక స్క్రాచ్ లేదు. నీ చదువు ఎవరు నేర్పి నీకు, దుంపతెగ?"

అక్కడ ఏ ఇంటికి కొత్త బండి వచ్చినా, కుట్టుమిషను వచ్చినా, ఫ్రిజ్ వచ్చినా ముందు పసుపు కుంకుమ పడాల్సిందే. మన వైపూ చేస్తారు గాని, ఇక్కడివాళ్ళకు భాష పోయిన కొద్దీ ఈ పట్టింపు గట్టిపడింది. మా ఆవిడ నా వైపు చూసి, "పెట్టనివ్వండి. తుడిస్తే పోతుంది" అంది.

అవ్వ లోపలికి వెళ్ళి చిన్న ఇత్తడి గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. బూడిదరంగు ఇనుము, నాలుగు వైపులా ఒకేలా ఉంది.

"దీనికి ముఖం ఏ వైపు?"

మా ఆవిడ వెలుగు బయటికి వచ్చే గుండ్రటి అద్దాన్ని వేలితో చూపించింది.

అవ్వ ఆ అద్దానికి నిండా పసుపు పూసి, మధ్యలో కుంకుమ పెట్టింది. కర్పూరం వెలిగించి చుట్టూ తిప్పింది. ఏదో పాట అంది. మాటలు నాకు తెలియలేదు, ఆమెకూ తెలియవేమో. మా ఆవిడ చేతులు జోడించింది. నేను నిలబడ్డాను.

గేట్లు తెరిచాక దీపం లాబ్‌కి వెళ్ళింది. ఆ పొద్దున అప్పటికే గుడ్లు సిద్ధంగా ఉన్నాయి, పొడి కలిపి ఉంది. ఎర్ర బల్బు వెలుగులోనే ఆమె డబ్బా తెరిచి, దూదిని స్పిరిట్‌లో ముంచి అద్దం తుడిచింది. ఎండిన పసుపు, కుంకుమ రాలిపోయాయి. దూది చూసింది, అద్దం చూసింది. శుభ్రంగా ఉన్నాయి. అద్దాన్ని గొట్టానికి బిగించింది. బిగించాక ఇక అది కనిపించదు.

"ఊదా" అంది.

నొక్కాను. పెన్ను కదలలేదు. మళ్ళీ అంది, మళ్ళీ నొక్కాను. పెన్ను పైనే ఉంది. కాసేపటికి తనంతట తానే మెల్లగా కిందికి జారింది. ఇదేదో పని చేసిందే అన్నాను.

"లేదు. అది మూసుకోవడం కాదు. మొద్దుబారడం."

"అంటే?"

"చెవి తాళంలోనే ఉంది. తీసేవాళ్ళు లేరు. ఎక్కువసేపు అలా తెరిచి ఉంచేస్తే తూము తనే బిగుసుకుపోతుంది. చెవి ఉన్నా పలకదు. చచ్చిపోవడం కాదు. ఎవరూ ముట్టకుండా కొంతసేపు మూసి ఉంచితే మళ్ళీ వస్తుంది. కానీ మూయలేకపోతున్నాం కదా."

అలా చలికాలం నడిచింది. కొండల మీద గడ్డి తగలబెట్టి నల్లటి చారలు తీశారు. అటువైపు నుంచి గాలి వస్తే బట్టలకు పొగ వాసన పట్టేది. స్థానిక ఎన్నికలు దగ్గరపడి వీధుల్లో మైకుల బళ్ళు తిరిగేవి. మా ఆవిడ ముందు గుడ్లను అనుమానించింది. చలికి కప్పలు బలమైన గుడ్లు పెట్టవు. గది వెచ్చ చేసింది, కప్పల తిండి మార్చింది. తూములు బాగానే తెరుచుకుంటున్నాయి, మూసుకోవడం లేదు. తర్వాత పొడిని అనుమానించింది. ఫ్రిజ్ ఎప్పుడైనా ఆగి ఉంటుందేమో, సీసాకు వెలుగు తగిలి ఉంటుందేమో అని. ఫిజిక్సు వాళ్ళ మీటరు తెచ్చి దీపం ముందు పెట్టింది. వెలుగు కావలసినంత ఉందని మీటరు చెప్పింది. అది వెలుగు ఎంతో చెబుతుంది, ఏ రంగో చెప్పదు. దీపం వెలిగించినప్పుడు గొట్టం అంచున కాస్త ఆకుపచ్చ పసిమి కనిపించేది. కొత్త దీపం తీరు అలా ఉంటుందేమోననుకున్నాను. ఆమె కళ్ళు ఎప్పుడూ సూక్ష్మదర్శినిలోనే ఉండేవి.

ప్రతి ప్రయత్నానికీ సీసాలో పొడి తగ్గింది. చివరికి ఒక్కసారికి సరిపడా మిగిలింది. ఎన్నికలు కాగానే కమిటీ వస్తుందని కబురు వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆమె మాట్లాడేది కాదు. తినేది కాదు. నేను అడిగేవాణ్ణి కాదు. అవ్వే వంటింటి తలుపు దగ్గర నిలబడి అడిగేది.

"పిల్లా, ఎముక కనిపించి నీకు. ఎవరు చచ్చి?"

"ఎవరూ లేదవ్వా. లాబ్‌లో పని కావడం లేదు."

"పని కాకపోతే రేపు చేసి. అన్నం ఇవాళ తిని."

డిపార్ట్‌మెంట్ హెడ్ ముందుగా రిటైరయ్యే ఏర్పాటు చేసుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆయన తలుపు సందులోంచి లోపలికి చూసి, దీపం గ్యారంటీలో ఉన్నప్పుడే వాపసు పంపడం మంచిదన్నాడు. కమిటీకి ఏం చూపించాలని ఆమె అడిగింది. ఆయన భుజాలెగరేసి, తను ఆ రోజుకు ఇక్కడ ఉండడన్నాడు. మర్యాదస్తుడే. ఆయన గది గోడల మీది పటాలు కూడా తీసేసి ఉన్నాయి.

ఆమె దీపాన్ని గొట్టం నుంచి విప్పింది. వాపసు పంపడానికి పెట్టె తెచ్చి, తన ఆఫీసు గదిలో కిటికీ పక్కన బల్ల మీద పెట్టింది. మర్నాడు తీసుకెళ్తారు. అది వెళ్తే కమిటీ ముందు చూపించడానికి ఏమీ ఉండదని ఇద్దరికీ తెలుసు. ఉన్నా, మూసుకోని తూముల్ని చూపించి ఏం లాభం?

ఆ మధ్యాహ్నం అవ్వ నాతో బయల్దేరింది. పట్టుచీర కట్టుకుంది. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె, మొక్కజొన్న నూక అన్నం, మునగాకు కూర. మినీబస్సు దిగి గేటు దగ్గర ఆగింది.

"ఇక్కడ నన్ను ఆపి?"

"ఎవరూ ఆపరవ్వా."

"బస్సులో ఫ్యాక్టరీ పోయి, రోజూ ఈ గోడ చూసి. నా కొడుకు చదువు అంటే, ఇది తెల్లవాళ్ళది, డర్బన్ పో, మీది అక్కడ అని చెప్పి. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి, ఈ గేటు లోపల నేను రాలేదు, నాయనా."

గార్డు పేరు కూడా అడగలేదు, చెయ్యి ఊపాడు. అవ్వ లోపలికి వచ్చి అటూ ఇటూ చూసింది. కాసేపటికి, "గడ్డి కోసి లేదు" అంది. వరండాలో ఖాళీ చదరాలు చూసి, "ఇక్కడ ఎవరు ఉండి?" అని అడిగింది. పాత ప్రొఫెసర్లన్నాను. "పోయి," అంది, "మంచిది."

మా ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉంది. అవ్వ గిన్నె దించి, ముడి విప్పుతూ బల్ల మీద దీపాన్ని చూసింది. పడమటి ఎండ కిటికీలోంచి సరిగ్గా డబ్బా మీద పడుతోంది. అవ్వ ముఖం వికసించింది.

"చూడు, నా పసుపు ఇంకా ఉండి. ఇన్ని నెలలు. మంచి పసుపు, నేను చెప్పి లేదా?"

మా ఆవిడ తల తిప్పి చూసింది. ఎండలో ఆ గుండ్రటి అద్దం పలచటి పసుపురంగులో ఉంది. ఎక్కడా మచ్చ లేదు, గీత లేదు. చక్కగా పోతపోసినట్టు అంచు నుంచి అంచు దాకా ఒకే పసుపు.

ఆమె చాలాసేపు దాన్ని చూసింది. లేచి కిటికీ తెర లాగి, దీపం తీగ గోడకు తగిలించి వెలిగించింది. ఊదా వెలుగు రాలేదు. అద్దమంతా ఆకుపచ్చ కలిసిన పసుపుగా వెలిగింది.

"అబ్బ, అందం," అంది అవ్వ.

దీపం ఆర్పి, ఆమె నాతో మెల్లగా, అవ్వకు అందని పుస్తకాల తెలుగులో చెప్పింది. పసుపు ఊదా వెలుగును తాగేస్తుంది. తాగి, తిరిగి ఆకుపచ్చగా కక్కుతుంది. మడత పెట్టాల్సిన వెలుగు బయటికే రాలేదు. స్పిరిట్‌లో పసుపు కరుగుతుంది. తుడవడం వల్ల పోలేదు, అద్దమంతా పలచగా పరుచుకుంది. ఎర్ర వెలుగులో పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు. దూది మీదా తెలియలేదు.

"ముఖం ఏదని అడిగితే నేనే చూపించాను," అంది చివర్లో. గొంతులో కోపం లేదు. ఏమీ లేదు.

"ఏం మాట్లాడి మీరు?" అంది అవ్వ.

"నీ పసుపు సంగతే అవ్వా. గట్టిదంటున్నాను."

"గట్టిది. టోంగాట్‌లో నా చెల్లి పెరట్లో పండించి, దంచి. కొట్టు పసుపు కాదు. ఇప్పుడు తిని."

ఆమె తిన్నది. గిన్నె ఖాళీ అయ్యే దాకా అవ్వ ఎదురుగా కూర్చుంది. నేను దీపం పెట్టెను మూసి పక్కకు నెట్టాను. వాపసు తీసుకెళ్ళేవాళ్ళకు ఫోను చేసి రావద్దన్నాను.

అవ్వను ఇంటికి దింపి వచ్చేసరికి మా ఆవిడ కిటికీ దగ్గర, పగటి వెలుగులో, అద్దం తుడుస్తోంది. పక్కన పచ్చటి దూది కుప్ప. తెల్ల దూది తెల్లగానే మిగిలే దాకా తుడిచింది. దీపం వెలిగిస్తే ఈసారి పెద్దగా ఏమీ కనిపించలేదు, మసక ఊదా తప్ప. అలాగే ఉండాలి.

"ఒకసారి చేసి చూసుకుందామా?" అన్నాను.

"చూసుకుంటే వాళ్ళకి చూపించడానికి మిగలదు."

"పని చెయ్యకపోతే?"

"అప్పుడు వాళ్ళతోపాటే మనమూ చూస్తాం."

 భయపడాల్సిన చోటని తెలుసు. భయం రాలేదు. పొడి పాడై ఉండొచ్చు, చలికి గుడ్డు చెడి ఉండొచ్చు, దీపంలో ఇంకేదైనా లోపం ఉండొచ్చు అని ఒక్కొక్కటీ మనసులో వరసగా పేర్చుకున్నాను, పేజీలో వార్తలు పేర్చినట్టు.

ఎన్నికల రోజు అవ్వ తెల్లారకముందే లేచి క్యూలో నిలబడి వచ్చింది. వేలి మీద సిరా చూపించి, ఇది ఎన్ని రోజులకు పోతుందని అడిగింది. మా ఆవిడ నవ్వింది. ఆ చలికాలంలో అదే మొదటిసారి అనుకుంటాను.

కమిటీలో ముగ్గురు వచ్చారు. ఇద్దరు పాతవాళ్ళు, ఒకామె కొత్తగా వచ్చిన జూలూ ప్రొఫెసర్. ఎర్ర గదిలో నలుగురు పట్టడమే కష్టం, ఐదుగురం భుజాలు తగులుతూ నిలబడ్డాం. నన్ను ఎవరని అడిగితే సహాయకుడని చెప్పింది. మిగిలిన పొడి అంతా కలిపేసింది. సీసా ఖాళీ. గుడ్డులో సూదులు దిగాయి. పెన్ను పైకెక్కి నిలబడింది. ఇప్పటి దాకా అన్నిసార్లూ అలాగే ఎక్కింది, అది కొత్త కాదు.

ఎవరో దగ్గారు.

"ఊదా," అంది ఆమె తెలుగులో. ఇంగ్లీషులో చెప్పాలన్నది మర్చిపోయింది.

నొక్కాను. నా కళ్ళు పెన్ను మీద ఉన్నాయి. ఒక్క క్షణం అక్కడే ఉంది. తర్వాత దిగింది. జారడం కాదు, దిగింది, మెట్టు దిగినట్టు, అడుగు గీత దాకా. అక్కడే కదలకుండా సాగింది. ఆమె కావాలనే ఆగింది. తూములు మూసుకుని ఊరుకున్నాయి. కాగితం నడుస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నీలం."

ఎక్కింది.

గుడ్డు ఓర్చుకున్నంతసేపు చేశాం. ఒకాయన గది ఉక్కగా ఉందన్నాడు. ఇంకొకాయన పార్కింగు గురించి ఏదో అడిగి వెళ్ళాడు. జూలూ ప్రొఫెసరు మాత్రం కాగితం చేతిలోకి తీసుకుని, ఎర్ర వెలుగులో గీత సరిగ్గా కనబడక వరండాలోకి వెళ్ళి, ఖాళీ చదరం కింద నిలబడి చాలాసేపు చూసింది. ఆమె మా ఆవిడను అడిగింది ఒక్కటే, "మూసినప్పుడు అంతసేపు ఎందుకు ఆగారు?"

"విశ్రాంతి లేకపోతే మళ్ళీ తెరుచుకోవు," అంది మా ఆవిడ.

పొడిగింపు ఇచ్చారు. ఒక్క ఏడాదికే, డబ్బు దొరికితే ఇంకో ఏడాది. పొడిని కెమిస్ట్రీ వాళ్ళ చేత చేయించుకోవచ్చని రాశారు. ఆ కబురు విన్న సాయంత్రం మేము వరండాలో కూర్చున్నాం. సంతోషించాలని తెలుసు. ఆమె చెప్పుల పట్టీలు విప్పుకుంది. నేను పేపరు మడిచి పెట్టాను. అవ్వ వచ్చి గడప మీద కూర్చుంది.

"అయిందా పని?"

"అయిందవ్వా."

"నా పసుపు పని చేసి?"

మా ఆవిడ విప్పిన చెప్పులు పక్కకు పెట్టింది.

"చేసిందవ్వా. బాగా చేసింది."

ఆ ఏడాది చివర్లో దీపం డబ్బా మార్చాల్సి వచ్చింది. కొత్తది ఈసారి సరిగ్గా లాబ్‌కే వచ్చింది. మా ఆవిడ దాన్ని బస్సులో, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు. వరండాలో అదే బల్ల మీద పెట్టి అవ్వను పిలిచింది. అవ్వ ఇత్తడి గిన్నెతో వచ్చి డబ్బాను తిప్పి చూసి, మొదటిసారి లాగే అడిగింది.

"దీనికి ముఖం ఏ వైపు?"

మా ఆవిడ డబ్బాను అటు తిప్పి, వెనక వైపు ఇనుప రేకును చూపించింది.

"ఇదేనవ్వా."

అవ్వ అనుమానంగా చూసింది. "పోయినసారి ముఖానికి అద్దం ఉండి."

"ఇది కొత్త రకం."

"ఐష్. రోజూ అన్నీ మార్చి, ఈ దేశంలో," అని అవ్వ ఆ రేకుకు నిండా పసుపు పూసి, మధ్యలో బొట్టు పెట్టింది.

దాన్ని ఎవరూ తుడవలేదు. లాబ్‌లోని ఎర్ర వెలుగులో అది కనిపించేది కాదు. పసుపూ లేదు, కుంకుమా లేదు, బూడిదరంగు రేకు అంతే. నేను మీటల దగ్గర నిలబడి, ఆమె మాట కోసం చూస్తూ, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు డబ్బా వెనక్కి వేలు పోనిచ్చేవాణ్ణి. ఎండిన కుంకుమ గరుగ్గా తగిలేది.